వంటింట్లో చిన్న పీట

ఆ ఆదివారం పొద్దున్న చిక్కడపల్లి మార్కెట్ నుంచి నాలుగు కట్టల గోంగూర తెచ్చాను. హాల్లో పాత పేపరు పరుచుకుని ఆకు గిల్లుతుంటే మా మనవడు వచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు. వాడికి రెండేళ్ళ ఎనిమిది నెలలు. కాసేపు నా చేతులకేసి చూశాడు. తర్వాత ఒక కాడ అందుకుని, ఆకు తుంచి చెత్తలో పడేసి, కాడని జాగ్రత్తగా గిన్నెలో వేశాడు. నేను కాడని తీసేస్తే మళ్ళీ తెచ్చి గిన్నెలోనే పెట్టాడు. పావుగంట పనికి ముప్పావుగంట పట్టింది. సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్న మా అబ్బాయి తలెత్తకుండానే, “వాణ్ణెందుకమ్మా ఆ పనిలోకి లాగుతావ్? ఆడుకోనీ” అన్నాడు.

నా చెయ్యి ఆగిపోయింది. ఆ మాట వాడు నా దగ్గర నేర్చుకున్నదే. ముప్ఫై అయిదేళ్ళ క్రితం ఇదే హైదర్‌గూడలో, ఎమ్మెల్యే క్వార్టర్స్ దగ్గరి సందులో రెండు గదుల పోర్షన్‌లో ఉన్నప్పుడు, వంటింటి గుమ్మంలో నిలబడి “నేనూ, నేనూ” అని చేతులు చాపే రెండేళ్ళ కొడుకుతో నేను రోజూ అన్నమాట. “నువ్వు వెళ్ళి ఆడుకో నాన్నా.” ఎనిమిదింబావుకి బస్సు అందుకోవాలి, తొమ్మిదింటికి కాలేజీలో క్లాసు. పప్పు కుక్కర్లో, కూర పొయ్యి మీద, క్యారేజీ గట్టు మీద. ఆ హడావుడిలో పసివాడి చేతికి పిండిముద్ద ఇచ్చి కూర్చోబెట్టే తీరిక నాకెక్కడిది? వాణ్ణి ఎత్తుకెళ్ళి హాల్లో బొమ్మల ముందు దించి వచ్చేదాన్ని. ఏడ్చేవాడు. కొన్నాళ్ళకి ఏడవడం మానేశాడు. ఇంకొన్నాళ్ళకి రావడమే మానేశాడు. అప్పుడు ‘హమ్మయ్య, అలవాటు పడ్డాడు’ అనుకున్నాను.

వాడి తర్వాత మూడేళ్ళకి అమ్మాయి పుట్టింది. తొమ్మిదేళ్ళు వచ్చేసరికి చపాతీలు గుండ్రంగా వత్తేది. దాన్ని వంటింట్లోకి ఎప్పుడు పిలిచానో ఎంత ఆలోచించినా గుర్తు రావడంలేదు. పిలిచినట్టే లేదు. అది అక్కడ ఉండేది, అంతే. అంతకుముందే, 1993లో, ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చింది. నేను కొనుక్కుని, పేజీలకి గుర్తులు పెట్టుకుని, మీటింగుల్లో ఇంటిచాకిరీ గురించి గొంతెత్తి మాట్లాడేదాన్ని. ఇంటికొచ్చి అమ్మాయితో “ఉల్లిపాయలు వలిచావా?” అనేదాన్ని. ఈ రెండు మాటలూ ఒకే నోట్లోంచి వచ్చాయని ఇప్పుడు రాయడానికి సిగ్గుగానే ఉంది. మొన్నీమధ్య అమ్మాయి ఫోన్‌లో అడిగింది, “నన్నెందుకు పిలిచావని నేనడగనమ్మా. అన్నయ్యని ఎందుకు పంపించేశావ్?” అని.

ఈ వ్యాసం ఆ ప్రశ్నకి సమాధానం వెతుక్కోవడమే.

ముందు ఒక చిన్న విషయం. మా అమ్మ నేలమీద కూర్చుని వండేది. కత్తిపీట, కుంపటి, తర్వాత వచ్చిన కిరసనాయిలు స్టవ్వు, అన్నీ నేలమీదే. కూర్చున్న అమ్మ మొహమూ నిలబడ్డ పసిపిల్ల మొహమూ ఒకే ఎత్తులో ఉండేవి. పప్పులో రాళ్ళు ఏరడం, చిక్కుడుకాయ ఈనె తీయడం, బియ్యం కడిగిన నీళ్ళు తెల్లగా రావడం మాకు కళ్ళెదురుగా జరిగేవి. ఆ వంటని నేను పొగడబోవడంలేదు. ఆ పొగకి అమ్మ కళ్ళు పాడయ్యాయి, ఆ వంగడానికి నడుము పోయింది. పైగా మా నాయనమ్మ మడి కట్టుకుంటే పిల్లలం ఆ గడప కూడా దాటకూడదు. గ్యాస్ పొయ్యి వచ్చాక వంట నేలమీంచి గట్టుమీదికి ఎక్కింది. మా తరం ఆడవాళ్ళ నడుములకి అది పెద్ద ఊరట. కానీ నా కొడుక్కి వంటింట్లో కనిపించింది నా చీర కుచ్చిళ్ళు మాత్రమే. పైన ఏదో సెగ, ఏదో చప్పుడు, ఏదో వాసన. కాసేపటికి కంచంలోకి అన్నం. వంట గట్టెక్కింది గానీ వంట చేసే మనిషి గట్టెక్కలేదు, ఆ మనిషి చేస్తున్న పని పిల్లల కంటికి ఆనకుండా పోయింది.

రెండేళ్ళ పిల్లలు వంటింట్లోకి ఎందుకు వస్తారు? అల్లరికి అనుకుంటాం. 2006లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టోమసెల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పద్దెనిమిది నెలల పిల్లల మీద చేసిన ఒక పరిశీలన ప్రచురించారు. ఎదుటి మనిషి చేతిలోంచి వస్తువు జారిపడి అందకపోతే, ఎవరూ అడగకుండానే, ఏ బహుమతీ ఆశపెట్టకుండానే చాలామంది పిల్లలు దాన్ని తీసి ఇచ్చారు. మాటలు కూడా సరిగా రాని వయసది. బార్బరా రోగోఫ్ అనే పరిశోధకురాలు గ్వాటెమాలాలోని మాయా ఆదివాసుల మధ్య ఏళ్ళ తరబడి పనిచేశారు. అక్కడ పసిపిల్లలు పెద్దల పనుల మధ్యే మసులుతూ, చూస్తూ, చెయ్యి కలుపుతూ నేర్చుకుంటారని రాశారు. మన మధ్యతరగతి ఇళ్ళలో పిల్లలు నిద్రపోయాక పని ముగించుకుంటాం. పని వేరు, పిల్లలు వేరు. వాళ్ళకి పనికిరాని ఆటవస్తువులిస్తాం, పనికొచ్చే వస్తువుల దగ్గర్నించి తరిమేస్తాం. పదేళ్ళయ్యాక “ఒక్క పనీ ముట్టుకోవు” అని తిడతాం. ఆ తిట్టు కూడా ఆడపిల్లకే.

గోంగూర గిల్లడానికి వచ్చిన మనవణ్ణి చూశాక నాకు తోచింది ఇది. వాడు నాకు ‘సహాయం’ చెయ్యడానికి రాలేదు. సహాయం అన్న మాట వాడికింకా తెలీదు. ఇంట్లో ఏదో జరుగుతోంది, అందులో తనూ ఉండాలి. అంతే. ‘సహాయం’ మనం తర్వాత నేర్పే మాట. ఆ మాటతోపాటు ‘ఈ పని అసలు ఎవరిది’ అన్నది కూడా నేర్పేస్తాం. పెళ్ళయ్యాక మగవాళ్ళు “నేను మా ఆవిడకి వంటలో సహాయం చేస్తాను” అని చెప్పుకోవడం మనకి తెలిసిందే కదా. తన తిండి తను వండుకోవడం ఇంకొకరికి సహాయం ఎలా అవుతుంది?

ఈ పాఠం మొదలుపెట్టడానికి మనం ఎన్ని ఏర్పాట్లు చేసుకున్నామో చూడండి. ఆరో నెలలో అన్నప్రాసన చేస్తాం. బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం, డబ్బు, కత్తి పెట్టి ఏది పట్టుకుంటుందోనని అందరం ఊపిరి బిగబట్టి చూస్తాం. మొదటిసారి అన్నం తినే రోజు అది. ఆ అన్నం వండిన గరిట ఆ వరసలో ఉండడం నేను ఏ ఇంట్లోనూ చూడలేదు. గరిట పట్టుకుంటే అది ఏ వృత్తికి శకునమని చెప్పాలో ఎవరికీ తెలీదు మరి. తర్వాత ఆడపిల్లకి లక్కపిడతలు వస్తాయి. ఏటికొప్పాక హస్తకళాకారులు అంకుడు కర్రతో, లక్కతో, సహజమైన రంగులతో చేసే బొమ్మలు నాకూ ప్రాణమే. వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు సంతోషించాను. కానీ ఆ బుల్లి పొయ్యీ బుల్లి గిన్నెలూ కొనేటప్పుడు మన కళ్ళ ముందు మెదిలేది ఎవరు? పోతన భాగవతం దశమస్కంధంలో చిన్నారి రుక్మిణి బొమ్మల పెళ్ళిళ్ళు చేసి, గుజ్జనగూళ్ళు వండించి చెలులకి పెట్టిస్తుంది. అదే స్కంధంలో బాలకృష్ణుడు ఇళ్ళల్లో పడి పాలూ వెన్నా కాజేస్తాడు, స్నేహితులతో కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న చల్దులు ఆరగిస్తాడు. రెండూ ఎంత ముద్దుగా ఉంటాయో! అమ్మాయి ఆటలో కూడా వండి పెట్టింది, అబ్బాయి ఆటలో కూడా తిన్నాడు. ఆ ముద్దులోంచే మనం పిల్లల్ని చూడటం నేర్చుకున్నాం.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా కాల వినియోగ సర్వే చేసింది. రోజువారీ ఇంటిపనిలో పాలుపంచుకునేవాళ్ళు స్త్రీలలో 81.2 శాతం, పురుషులలో 26.1 శాతం. ఆ పని చేసే స్త్రీలు అప్పట్లో దానిమీద రోజుకి సగటున 299 నిమిషాలు పెడితే, చేసే పురుషులు 97 నిమిషాలు పెట్టారు. ఆ సర్వే ఆరేళ్ళ వయసు నుంచి లెక్కపెట్టింది. ఈ తేడాకి పునాది అంతకంటే ముందే, లెక్కకి అందని ఏళ్ళలో, వంటింటి గుమ్మం దగ్గర పడుతోందని నా అనుమానం. 2024లో కేరళ ప్రభుత్వం మూడో తరగతి పాఠ్యపుస్తకంలో వంటింట్లో నాన్న కొబ్బరి కోరుతున్న బొమ్మ వేస్తే అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. కానీ ఎనిమిదేళ్ళకి ఆ బొమ్మ చూసే పిల్లవాడు అంతకుముందే రోజుకి మూడుపూటల చొప్పున వేల బొమ్మలు ఇంట్లో చూసేసి ఉంటాడు.

అయితే పిల్లలందరినీ వంటింట్లో కూర్చోబెట్టేస్తే సరిపోతుందా? ఇక్కడ నేను ఒకచోట ఆగిపోయాను. ఆపింది మా ఇంటికి పనికి వచ్చే ఆమె.

మనవడు బేసిన్‌లో బంగాళాదుంపలు కడుగుతుంటే నేను ఫోన్‌లో ఫొటో తీస్తున్నాను. గిన్నెలు తోముతున్న ఆమె నవ్వుతూ అంది: “మీ బాబు చేస్తె ముద్దొస్తది. మా అమ్మ కూలికి పోతె తమ్మున్ని సంకనేసుకోని నేనే బువ్వ వండేదాన్ని. ఏడేండ్లుంటయేమో నాకు. గంజి వార్వంగ కాలింది, గీ మచ్చ గదే. నన్ను ఎవ్వలు ఫోటో తియ్యలె.”

ఒకే పని. ఒక ఇంట్లో అది ముచ్చట, ఇంకో ఇంట్లో బాల్యాన్ని మింగేసిన చాకిరీ. మనవడు వెళ్ళే ప్లేస్కూల్లో ‘ఫైర్‌లెస్ కుకింగ్’ అని ఒక రోజు పెట్టారు. పిల్లల నెత్తిన కాగితం టోపీలు, చేతిలో బ్రెడ్డు ముక్కలు. ముందురోజు రాత్రి కీరదోసకాయ చక్రాలు తరిగి డబ్బాలో సర్దింది మా కోడలు. పిల్లలు ‘వంట’ చేశారు, పని తల్లులు చేశారు.

రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాలకార్మికుల్ని బడికి పంపిన ఎం.వి. ఫౌండేషన్ ఒక మాట గట్టిగా పట్టుకుంది. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికురాలే, బాలకార్మికుడే. కూలికి వెళ్ళినా, ఇంట్లో వండుతూ తమ్ముణ్ణి చూసుకుంటున్నా సరే. శాంతా సిన్హాకి 2003లో మెగసెసే అవార్డు తెచ్చిపెట్టిన ఈ పని, ‘ఇంటిపని పనే’ అని స్త్రీవాదులు చెప్పినదాన్ని ఆడపిల్లల పక్షాన నిలబెట్టింది. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఇళ్ళల్లో పనికి పెట్టుకోవడాన్ని 2006లో నిషేధించారు. 2016లో చట్టం సవరించినప్పుడు మాత్రం, బడి అయ్యాక, సెలవుల్లో కుటుంబానికి సాయపడటాన్ని నిషేధం నుంచి మినహాయించారు. ‘కుటుంబానికి సాయం’ అంటే అందులో ఎక్కువ ఎవరి చేతులు మునుగుతాయో చెప్పక్కర్లేదు కదా.

మరి గోంగూర గిల్లే నా మనవడికీ, గంజి వార్చిన ఆ ఏడేళ్ళ పిల్లకీ మధ్య గీత ఎక్కడుంది? నాకు తోచినంతలో మూడు ప్రశ్నలు. ఆ బిడ్డ ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వెళ్ళిపోవచ్చా? ఆ బిడ్డ చెయ్యకపోతే ఇంటికి తిండి ఉంటుందా? పక్కనున్న మగపిల్లాణ్ణి కూడా పిలిచారా? మొదటి రెండింటికీ అవునన్న జవాబు వస్తే అది బాల్యం. మూడోదానికి కూడా వస్తే న్యాయం. మా అమ్మాయి విషయంలో రెండో ప్రశ్నకి ఒక్కదానికే నేను ధైర్యంగా అవునని చెప్పగలను.

“ఇంత గొడవెందుకు, వంట రాకపోతే కొనుక్కుంటారు” అని మా అబ్బాయి వాదన. వాడన్నదాంట్లో కొంత నిజముంది. అశోక్‌నగర్ సందుల్లో సాయంత్రం పూట నడిచి చూడండి. గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్ళు రూముల్లో రైస్ కుక్కర్ పెట్టుకుని కర్రీ పాయింట్ల ముందు నిలబడి ఉంటారు. పప్పు, సాంబారు, వేపుడు కవర్లలో కట్టి ఇస్తారు. విమల ‘వంటిల్లు’ కవిత చదివి వంటిళ్ళని కూల్చెయ్యాలని ఉద్రేకపడిన నాకు, కూల్చే పని ఇలా మార్కెట్టు చేస్తుందని తోచలేదు. నేను వెళ్ళే కర్రీ పాయింట్‌లో కౌంటర్ దగ్గర మగమనిషి ఉంటాడు, వెనక ముగ్గురు ఆడవాళ్ళు కూరగాయలు తరుగుతూ ఉంటారు. వంటింటి చాకిరీ అక్కడ ఇంకో ఆడవాళ్ళ చేతికి మారింది, అంతే. ఆ కవిత ముగింపులో విమల తలుచుకున్నది పిల్లల్నే అన్న సంగతి ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ చదివితే గానీ నాకు పట్టలేదు. నేనప్పుడు కూల్చడం ఒక్కటే విన్నాను. ఆమె బాధ ఆ గదిలోని ఒంటరితనం గురించి కూడా. ఒంటరిగా చేసేది చాకిరీ అయితే, నలుగురూ కూర్చుని చేసేది ఏమవుతుంది?

అందుకని వంటింట్లో ఒక మూల చిన్న పీట వేశాను. పొయ్యికి దూరంగా, నేలమీద. సెగ, కత్తి, వేడినూనె, గంజి అటు. కరివేపాకు దుయ్యడం, బియ్యం కడగడం, చపాతీ పిండి నొక్కడం, కంచాలు పెట్టడం ఇటు. వాడు వస్తే వస్తాడు, లేకపోతే లేదు. పని ఆలస్యమవుతుంది. రిటైరైనదాన్ని కాబట్టి ఆ ఆలస్యాన్ని భరించగలుగుతున్నాను. ఎనిమిదింబావుకి బస్సు పట్టుకున్న నన్ను నేను ఇప్పుడు నిందించుకోదలుచుకోలేదు. కొడుక్కి వంట రాకపోతే తల్లి పెంపకాన్ని తప్పుపట్టే లోకం, ఆ రోజుల్లో పక్కగదిలో పేపరు చదువుకున్న నా సహచరుణ్ణి ఒక్క ప్రశ్నా అడగలేదు. పసివాడు గుమ్మంలోంచి వెనక్కి తిరిగి చూసినప్పుడు అతనికి కనిపించింది ఆ పేపరే. నేను పంపించినచోటికే వాడు వెళ్ళాడు. అక్కడ ఒక మగవాడు తీరిగ్గా కూర్చుని ఉన్నాడు.

ఇక రాయకుండా దాటవెయ్యలేని సంగతి ఒకటి ఉంది. కిందటి నెల మధ్యాహ్నం భోజనాలకి కంచాలు పెట్టే పని మనవడిది. ఒక్కొక్కటీ రెండుచేతులా పట్టుకొచ్చి, పేరుపేరునా చెబుతూ పెడుతున్నాడు. తాతకి, నాన్నకి, అమ్మకి, నానమ్మకి, తనకి. మళ్ళీ వెళ్ళి ఆరో కంచం తెచ్చాడు. బాల్కనీలో గిన్నెలు తోముతున్న ఆమె వైపు చెయ్యి చూపించాడు.

ఎవరం మాట్లాడలేదు. “నాకొద్దు బిడ్డా, ఇంటికి పోయి తింట” అందామె చేతులు తుడుచుకుంటూ. “ఆవిడ తర్వాత తింటుంది నాన్నా” అన్నాను నేను. ఆ కంచం తీసి లోపల పెట్టింది నేనే. బాల్కనీ కిటికీలో ఆమె టీ తాగే గ్లాసు విడిగా బోర్లించి ఉంటుంది. దాన్ని అక్కడ పెట్టిందీ నేనే, పదకొండేళ్ళ క్రితం, ఎందుకో ఎవరికీ చెప్పకుండా. మా నాయనమ్మ మడి నాలో లేదని నమ్ముతూ బతికాను.

ముందు ఎవరు కూర్చుంటారు, ఎవరు వడ్డిస్తారు, ఎవరు మాడిన అట్టు తనకి వేసుకుంటారు, ఎవరి గ్లాసు వేరుగా ఉంటుంది. పిల్లలు అక్షరాలకంటే ముందు దీన్ని చదువుతారు. నా మనవడికి పని నేర్పుతున్నానని నేననుకుంటుంటే, వాడు ఈ ఇంట్లో పనిచేసేవాళ్ళందర్నీ తినేవాళ్ళలో కలిపి లెక్కపెట్టాడు. వాడి లెక్క తప్పని చెప్పింది స్త్రీవాదం చదువుకున్న నానమ్మ.

గ్లాసు ఇప్పుడు లోపల మిగతా గ్లాసులతో ఉంది. ఆమె ఏమీ అనలేదు. మర్నాడు “మీ మొకం గట్లెందుకున్నదమ్మా” అని మాత్రం అడిగింది. కొన్ని రోజులు మాతో కూర్చుని తింటోంది, కొన్ని రోజులు టైమైందని వెళ్ళిపోతోంది. ఆమెకి నా పశ్చాత్తాపంకంటే నెలకి నాలుగు సెలవులు ఎక్కువ అవసరమని తర్వాత అడిగితే తెలిసింది. ఇచ్చాం. ఆ నాలుగు రోజులూ గిన్నెలు ఎవరు తోమాలన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.

మళ్ళీ ఆదివారం గోంగూర పరిచాను. మనవడు వెళ్ళి వాళ్ళ నాన్న వేలు పట్టుకుని లాక్కొచ్చాడు. అబ్బాయి మోకాళ్ళు ముడవలేక అవస్థపడుతూ కూర్చుని, నాలుగు కాడలు గిల్లాడు. అయిదోదానికి ఫోన్ మోగింది. లేచి వెళ్ళాడు. పిల్లవాడు ఒక కాడ చేతిలో పట్టుకుని గుమ్మంకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. ముప్ఫై అయిదేళ్ళ క్రితం అది ఇంకో వైపునుంచి, హాల్లోంచి వంటింట్లోకి చూసేది.

“ఫోన్ తర్వాత చూసుకోవచ్చు, వాడు నీకోసం కూర్చున్నాడు” అని హాల్లోకి వినబడేలా చెప్పాను. మా అబ్బాయితో ఆ మాట అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.